పొయ్యి దగ్గర ఆమె, కాగితం మీద ఎవరు?

(చోడవరంలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో తినుబండారాలు చేసి అమ్ముకునే స్త్రీలు ఆ పనిని చట్టబద్ధంగా ఎలా మొదలుపెట్టాలో మాట్లాడమని నన్ను అడిగారు. ఇలాంటి విషయానికి ఆడిటర్‌నో, ఆహార భద్రతా అధికారినో పిలవాలి గాని సమాజశాస్త్రం చదువుకున్న నన్నెందుకు పిలిచారా అని మొదట అనుకున్నాను. తరువాత ఇక్కడి ఇళ్లలో నాలుగైదు రోజులు తిరిగాక అర్థమైంది. ఫారం నింపడం కష్టం కాదు. ఆ ఫారంలో మొదటి గడి ఉంది చూశారా, "పేరు" అని, కష్టమంతా అక్కడే ఉంది. ఈ రోజు నేను ఎక్కువగా ఆ మొదటి గడి గురించే మాట్లాడతాను.

ముందు సారె సంగతి చెబుతాను. మన ఉత్తరాంధ్రలో ఆడపిల్లని అత్తవారింటికి పంపాలంటే సారె పెట్టాలి. చలిమిడి, అరిసెలు, పోకుండలు, లడ్డూలు, కజ్జికాయలు, జంతికలు, కావిళ్ల కొద్దీ, బుట్టల కొద్దీ వెళ్లాలి. వీధిలో ఇంటింటికీ పంచాలి. చుట్టుపక్కల చెరకు పొలాలు, గోవాడలో సహకార చక్కెర కర్మాగారం, ఇంత దూరంలో అనకాపల్లి బెల్లం బజారు. ఇక్కడ తీపికి కరువు లేదు. (చోడవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్ నుంచి. కాని చాలామంది నోట ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది.) ఈ సారె అంతా ఎవరు వండుతున్నారు? ఒకప్పుడు ఇంట్లో ఆడవాళ్లూ, ఇరుగుపొరుగూ కలిసి వండేవారు. చెయ్యి తిరిగినావిడని పిలిచి పాకం దగ్గర కూర్చోబెట్టేవారు. ఆమెకి ఒక చీరో, నాలుగు అరిసెలో చేతిలో పెట్టేవారు. ఇప్పుడు అదే ఆమె "ఆర్డర్లు" తీసుకుంటున్నది. అంటే పని మారలేదు, డబ్బు చేరింది.

అలాంటి ఒకామె ఇంటికి వెళ్లాను. పొద్దున్నే వెళ్లాను కనుక పనంతా చూశాను. ముందురోజే నానబెట్టిన బియ్యాన్ని వాడ్చి, తడి ఆరకుండానే పిండి పట్టించి, జల్లించి, బెల్లం పాకం పెట్టింది. చెంచాడు పాకం నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి చూసింది. ఇంకా రాలేదన్నది. మళ్లీ చూసింది. దించింది. నేను రెండు నిమిషాలు తేడాగా దించి ఉంటే ఆ పిండి మొత్తం పాడై ఉండేది. పాకం ముదిరితే అరిసె రాయి, లేతగా ఉంటే నూనెలో విడిపోతుంది. ఇంత విద్య చేతిలో ఉన్న మనిషిని, "ఏం పని చేస్తున్నారమ్మా?" అని అడిగితే ఏమన్నదో తెలుసా? "ఏటీ లేదండీ, ఇంటికాడే ఉంటాను" అన్నది.

ఈ జవాబు నాకు కొత్త కాదు. మన నర్సాపురం లేసు స్త్రీల గురించి జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇళ్లలో కూర్చుని లేసు అల్లే స్త్రీల సరుకు విదేశాలకు వెళ్లేది. ఎగుమతిదారులు, దళారులు పురుషులు. అల్లేవాళ్లని మాత్రం పనివాళ్లుగా ఎవరూ లెక్కించలేదు, వాళ్లు కూడా లెక్కించుకోలేదు. గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు. ఆ "తీరిక" రోజుకు ఎన్ని గంటలో ఎవరూ కొలవలేదు. పనిచేసే స్త్రీని గృహిణి అని పిలిస్తే ఆమెకు ఎంత తక్కువ ఇచ్చినా చెల్లుతుంది. మీస్ చెప్పింది స్థూలంగా ఇదే. 1988లో ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన "శ్రమశక్తి" నివేదిక కూడా ఇంట్లో కూర్చుని పనిచేసే స్త్రీలు లెక్కల్లోకి రావడం లేదని దేశమంతా తిరిగి వచ్చి చెప్పింది. మన చోడవరం పాకం దగ్గర కూడా అదే కథ నడుస్తున్నది.

ఇప్పుడు చట్టం దగ్గరకు వద్దాం. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం పోయి 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. దాని కింద లైసెన్సులు, రిజిస్ట్రేషన్ల నియమావళి 2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చింది. ఈ చట్టంలో 31వ సెక్షన్ ముందు లైసెన్సు లేకుండా ఆహార వ్యాపారం చేయకూడదు అంటుంది. దాని రెండో ఉపసెక్షన్ చిన్నవాళ్లని మినహాయిస్తుంది. తానే తయారుచేసి అమ్ముకునే చిన్న తయారీదారు, తోపుడుబండి వాళ్లు, తిరిగి అమ్మేవాళ్లు, కుటీర పరిశ్రమల వాళ్లు, వీళ్లకి లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ చాలు. 2011 నియమావళి పెట్టిన హద్దు ఏడాదికి 12 లక్షల రూపాయల అమ్మకం. దరఖాస్తు ఫారం-ఎ. ఫీజు ఏడాదికి 100 రూపాయలుగా పెట్టారు. హద్దులూ ఫీజులూ సవరణల్లో మారుతుంటాయి కనుక దరఖాస్తు పెట్టే రోజున అమలులో ఉన్నది చూసుకోండి. 2020 నుంచి దరఖాస్తు ఫాస్‌కాస్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో పెడుతున్నారు. ఫొటో, గుర్తింపు కార్డు, చిరునామా రుజువు కావాలి. రిజిస్ట్రేషన్ వస్తే 14 అంకెల నంబరు ఇస్తారు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. దరఖాస్తు అందిన ఏడు రోజుల్లో అధికారి రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి వస్తానని నోటీసు ఇవ్వాలి. ఇవేవీ జరగకపోతే, లేదా ముప్పై రోజుల్లో ఏ నిర్ణయమూ చెప్పకపోతే, దరఖాస్తుదారు వ్యాపారం మొదలుపెట్టుకోవచ్చు అని ఆ నియమావళిలోనే ఉంది. కాబట్టి "సారు సంతకం కాలేదు, మళ్లీ రండి" అని ఎవరైనా తిప్పుతుంటే దరఖాస్తు రశీదు మీద తేదీ చూపించండి. రశీదు పారేయకండి.

ఆ 31వ సెక్షన్‌లో "తానే తయారుచేసి" అన్నచోట ఇంగ్లీషు మూలంలో పురుష సర్వనామం ఉంది. పురుషుడు అన్నచోట స్త్రీ కూడా వస్తుందని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెబుతుంది, నిజమే. అయినా వంట చేసే మనిషి గురించి రాసిన వాక్యంలో కూడా "అతడు" అని రాయగలిగిన మన శాసనకర్తల నేర్పుకి నాకు ముచ్చటేస్తుంది. ఇంట్లో వండేటప్పుడు ఆమె, అమ్మేటప్పుడు అతడు!

ఇది నవ్వుకుని వదిలేసే మాట కాదు. నేను చూసిన ఇళ్లలో అచ్చంగా అలాగే జరిగింది. ఒక ఇంట్లో రిజిస్ట్రేషన్ భర్త పేరున ఉంది. ఆయన ఆ వంటింట్లోకి కాఫీ కోసం తప్ప అడుగుపెట్టడు. ఎందుకు ఆయన పేరున పెట్టారని అడిగితే, "ఇల్లు మా ఆయన పేరునే గదండీ, కరెంటు బిల్లు కూడా ఆయన పేరునే వస్తాది, నెట్టు షాపు అబ్బాయి అదే అడిగాడు" అన్నది. చూడండి, వంటిల్లు ఆడదాని రాజ్యం అంటారు. రాజ్యానికి పట్టా అడిగిన రోజున అది ఆమెది కాకుండా పోతుంది. మన రాష్ట్రం కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకుంది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఇన్నేళ్ల తరువాత కూడా ఒక చిరునామా రుజువు కావలసి వస్తే భర్త పేరు వెతుక్కోవాల్సి వస్తున్నది.

ఇక్కడ మీరు, ముఖ్యంగా సంస్థల్లో పనిచేసేవాళ్లు, ఒక్క విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. చిరునామా రుజువు స్థలం గురించి, దరఖాస్తు వ్యాపారం చేసే మనిషి గురించి. స్థలం భర్తదో, అత్తగారిదో, అద్దె ఇల్లో అయినంత మాత్రాన వ్యాపారం వాళ్లది కాదు. ఆమె ఆధార్ కార్డులో ఆ ఇంటి చిరునామాయే ఉంటే చాలాసార్లు వేరే రుజువు అవసరం కూడా పడదు. నెట్టు షాపు కుర్రవాడికి ఈ తేడా తెలియకపోతే తప్పు వాడిది కాదు. పక్కన కూర్చోవలసిన మనం కూర్చోలేదు.

అయితే పేరు మార్చేస్తే సరిపోతుందా? డ్వాక్రా కాలం నుంచి మనకి తెలిసిన అనుభవమే ఇది. 1982లో ఆ పథకం వచ్చినప్పటి నుంచి అప్పు స్త్రీ పేరున, ఖర్చు పురుషుడి చేతిలో, తీర్చడం మళ్లీ స్త్రీ మెడ మీద. సర్పంచి స్త్రీ, సంతకం తప్ప మిగతాదంతా ఆమె భర్త. కాగితం మీద పేరు పెట్టి ఆమెని అక్కడే వదిలేయడం మనకి అలవాటైన విద్య. రెండో ఇంట్లో అదే చూశాను. రిజిస్ట్రేషన్ ఆమె పేరునే ఉంది, సంతోషించాను. నంబరు ఎంతో చూపించమన్నాను. ఆయన పొలం నుంచి వచ్చాక చూపిస్తానన్నది. దరఖాస్తులో ఇచ్చిన ఫోను నంబరు ఆయనది. ఓటీపీ ఆయనకి వస్తుంది. గోడకి అంటించిన క్యూఆర్ కోడ్ ఆయన బ్యాంకు ఖాతాది. అరిసెల డబ్బు "టింగ్" మని మోగేది ఆయన జేబులో. నిరుడు దసరాకి ఎంత వచ్చిందమ్మా అంటే, "తెలీదండీ, ఇంట్లోకే గదా" అన్నది. ఆయన చెడ్డవాడు కాదు, తాగడు, కొట్టడు. నేను చెబుతున్నది చెడ్డ మొగుళ్ల గురించి కాదు. మంచి మొగుడు ఉన్న ఇంట్లో కూడా తన సంపాదన ఎంతో ఆమెకు తెలియకుండా పోయే ఏర్పాటు గురించి.

అందుకని పేరు, ఫోను, బ్యాంకు ఖాతా, మూడూ ఒకే మనిషివై ఉండాలని నేను అడుగుతున్నాను. వాటిలో ఒక్కటి తగ్గినా కాగితం బినామీ అవుతుంది. ఆ నంబరు ఆధారంగానే రేపు ఇతర పనులు జరుగుతాయి. బ్యాంకు అప్పు అడగాలన్నా, ప్రభుత్వ సాయం అడగాలన్నా, పెద్ద దుకాణానికి సరుకు వేయాలన్నా ముందు దానినే అడుగుతారు. 2020లో కేంద్రం ప్రారంభించిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో సంఘ సభ్యురాలికి చిన్న పనిముట్లకీ పెట్టుబడికీ 40 వేల రూపాయల వరకు మూలధనం అని పెట్టారు. ఇలాంటివి ఎప్పుడు వచ్చినా వ్యాపారం ఎవరిదని కాగితం చెబితే వాళ్లకే అందుతాయి. పాకం ఎవరు పట్టారని ఎవరూ అడగరు.

పేరు పెట్టుకుంటే బాధ్యత కూడా మీద పడుతుంది, అది దాచకూడదు. సరుకు పాడైతే, నూనె మాడితే, చీటీ మీద తప్పు రాస్తే నోటీసు ఆమె పేరునే వస్తుంది. ఒకామె ఈ భయంతోనే "నాకెందుకండీ, దుకాణం వాళ్లకే ఇచ్చేస్తాను" అన్నది. ఆమె కిలోల లెక్కన విడిగా జంతికలు చేసి ఒక దుకాణానికి ఇస్తున్నది. దుకాణం వాళ్లు వాటిని సంచుల్లో నింపి, "ఇంటి వంట" అని రాసి, తమ నంబరు, తమ పేరు ఉన్న చీటీ అంటించి అమ్ముకుంటున్నారు. ఆ దుకాణం పేరు నేను చెప్పను, ఒక్క దుకాణం గొడవ కాదిది. హైదరాబాదు నుంచి ఇచ్ఛాపురం దాకా "స్వగృహ" అని ఎన్ని బోర్డులో చూశారా? ఎవరి గృహం? నూనె ధర పెరిగితే నష్టం ఆమెది, పండగ గిరాకీ వస్తే లాభం వాళ్లది. ఇది వ్యాపారం కాదు, కూలి. నర్సాపురం లేసే మళ్లీ వచ్చింది, దారం బదులు శనగపిండితో. యజమాని చెప్పిన సరుకును ఇంట్లో కూర్చుని చేసిచ్చేవాళ్లకి కూడా ఇతర కార్మికులతో సమానంగా హక్కులుండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. భారత ప్రభుత్వం దానిని ఆమోదించలేదు. అందువల్ల ఆమె కూలి అయితే కూలి హక్కులు లేవు, వ్యాపారి అయితే పేరు లేదు.

పక్కనే మాడుగుల ఉంది. మాడుగుల హల్వా అంటే తెలియనివారు లేరు. గోధుమలు రోజుల తరబడి నానబెట్టి, పాలు తీసి, పులియబెట్టి చేసే ఓపిక పని. అది అంగట్లో పుట్టి పెరిగిన సరుకు కనుక దానికి ఊరి పేరు ఉంది, బోర్డు ఉంది, ఇది మా తాతల నాటిదని చెప్పుకునే కుటుంబాలున్నాయి. సారె అరిసెకి మాత్రం పేరు లేదు. ఎందుకంటే అది ఆడవాళ్ల చేతి మీదుగా, అమ్మకం కాకుండా, మర్యాదగా నడిచింది. మర్యాదగా నడిచినదానికి ధర అడగడం అమర్యాద అయింది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నేను సంతోషించాను. వేడి కుండ మీద తడిగుడ్డతో రేకు తీసే స్త్రీల చేతికి అందులో ఎంత అందుతుందో అన్న ప్రశ్న మాత్రం సంతోషంతో పాటే వచ్చింది.

ఇంకో దారి లేదా అంటే ఉంది. 1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు స్త్రీలు 80 రూపాయలు అప్పు తెచ్చుకుని మేడమీద కూర్చుని అప్పడాలు చేశారు. అదే లిజ్జత్. 1966లో దానిని సొసైటీగా రిజిస్టరు చేసుకున్నారు. స్త్రీలే సభ్యులు, స్త్రీలే యజమానులు. పిండి ఒకచోట కలుపుతారు, ఇళ్లకి తీసుకెళ్లి ఒత్తుతారు, మళ్లీ తెచ్చి అప్పగిస్తారు. ఇల్లూ కదలలేదు, పేరూ పోలేదు. అందరం లిజ్జత్ కాలేం, తెలుసు. కాని ఈ సమావేశంలో ఉన్న సంఘాల్లో అయిదారుగురు కలిసి ఒక నంబరు మీద చేయగలిగే పని ఇది. పండగ ఆర్డర్లకి ఒక్క పొయ్యి ఎలాగూ చాలదు.

పొయ్యి అంటే గుర్తొచ్చింది. ఇంట్లో వాడే 14.2 కిలోల గ్యాసు బండను వ్యాపారానికి వాడకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నంత మాత్రాన ఇది చెల్లదు. వ్యాపారానికి 19 కిలోల బండ వేరే తీసుకోవాలి, దాని ధర ఎక్కువ. అందుకే చాలామంది పెరట్లో కట్టెల పొయ్యి పెట్టుకుని పొగలో కళ్లు పాడు చేసుకుంటున్నారు. ఇంటి పరిశ్రమను ప్రోత్సహిస్తామనే ప్రభుత్వం చిన్న తయారీదారులకి బండ విషయంలో ఒక మెట్టు ఎందుకు పెట్టకూడదు? ఇది మనం అడగవలసిన కోరిక. తీర్మానాల్లో రాసుకోండి.

శుభ్రత గురించి చట్టం చిన్న తయారీదారుల కోసం నాలుగో షెడ్యూలు మొదటి భాగంలో చెప్పింది. తాగదగిన నీరు, పురుగులు రాని ఏర్పాటు, కడిగిన గిన్నెలు, మూత ఉన్న చెత్తబుట్ట, కత్తిరించిన గోళ్లు, అంటువ్యాధి ఉన్నవాళ్లు వంటకి దూరంగా ఉండటం. అంతే. ఇది చదివినప్పుడు నాకు ఒకటి నచ్చింది. చట్టానికి మడి తెలియదు. నెలసరి అయితే పొయ్యి ముట్టుకోకూడదని చట్టం చెప్పలేదు. ఏ కులం వాళ్లు వండాలో కూడా చెప్పలేదు. బజారు మాత్రం చెబుతున్నది. పచ్చళ్ల సీసాల మీద కులం పేరు అచ్చేసి, శుభ్రతకి అదే హామీ అన్నట్టు అమ్ముతున్నారు. ఈ ఊరి దళితవాడలో పాకం పట్టడంలో ఎవరికీ తీసిపోని ఒకామె, తన చీటీ మీద చిరునామా వేయడానికి జంకింది. వాడ పేరు చూస్తే కొనరని. మనం పేరు పెట్టుకోమని ఉపన్యాసం ఇస్తున్నప్పుడు పేరు పెట్టుకోవడం అందరికీ ఒకే ధర కాదని గుర్తుంచుకోవాలి. ఆమెకి నా దగ్గర సిద్ధంగా ఉన్న జవాబు లేదు. మన సంఘాల ఇళ్లలో జరిగే పెళ్లిళ్లకి సారె ఆర్డరు మొదట ఆమెకి ఇవ్వగలమా అన్నది మాత్రం అడగగలను. చప్పట్లు వద్దు, ఇంటికెళ్లి ఆలోచించండి.

అమెరికాలో ఇలాంటివాటికి "కాటేజ్ ఫుడ్" చట్టాలని రాష్ట్రాలు వేరువేరుగా చేసుకున్నాయి. కాలిఫోర్నియాలో 2013 నుంచి ఉంది. అక్కడ ఇంట్లో ఏ పదార్థాలు చేయవచ్చో జాబితా ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టవలసినవి ఉండవు, ఇంటి వంటగదిలో చేసినదని చీటీ మీద రాయాలి. మన చట్టం ప్రధానంగా అమ్మకం ఎంతో చూస్తుంది. అక్కడ మన తెలుగు ఆడపిల్లలు కూడా అరిసెలూ సున్నుండలూ చేసి అమ్ముతుంటారు. భర్త ఉద్యోగం మీద ఆధారపడిన వీసాతో వెళ్లి, విడిగా పని అనుమతి లేనివాళ్లకి ఆ చట్టం ఉన్నా ఉపయోగం లేదు. ఎంత దూరం వెళ్లినా "ఎవరి పేరున" అన్న ప్రశ్న వెంటే వస్తున్నది.

ధర సంగతి చెప్పి ముగిస్తాను. కిలో అరిసెలకి ఎంత పడిందని లెక్క రాయమన్నప్పుడు అందరూ బియ్యం, బెల్లం, నూనె, నువ్వులు, గ్యాసు రాశారు. ఎవరూ తమ గంటలు రాయలేదు. ముందురోజు నానబెట్టినప్పటి నుంచి గిన్నెలు తోమేదాకా గడియారం చూసి రాయండి అన్నాను. ఒకామె రాసుకుని, కాగితం చూసుకుని, చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇంత పెడితే ఎవరు కొంటారండీ?" అన్నది. నిజమే, ఒక్కసారిగా పెట్టలేం. కాని లెక్క రాయకుండా తక్కువకు అమ్మడం వేరు, ఎంత తగ్గించుకుంటున్నామో తెలిసి అమ్మడం వేరు. పొట్లం మీద చీటీ ఎలా ఉండాలో, అంటే పదార్థం పేరు, ఏమేమి కలిపారో, బరువు, తయారుచేసిన తేదీ, ఎప్పటిదాకా తినవచ్చో, శాకాహారం గుర్తు, చిరునామా, నంబరు, ధర, వీటన్నిటి నమూనా బయట బల్ల మీద పెట్టాం, తీసుకెళ్లండి.

మధ్యాహ్నం భోజనం తరువాత దరఖాస్తులు ఇక్కడే నింపుతాం. ఆధార్ కార్డు, ఒక ఫొటో, బ్యాంకు పుస్తకం దగ్గర పెట్టుకోండి. ఫోను ఉన్నవాళ్లు అందులో సిమ్ ఎవరి పేరున ఉందో ఇప్పుడే చూసుకోండి. ఫోను ఇంట్లో ఆయన దగ్గర ఉందన్నవాళ్లు ఈ రోజు ఫారం నింపవద్దు. ముందు మీ పేరున సిమ్ తీసుకోండి, వచ్చే సోమవారం మళ్లీ కూర్చుందాం.